పోసే చెయ్యి దానంతటదే ఆగదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏదీ ఒలకబోయడానికి వీల్లేదు. మెతుకు కింద పడితే ఏరి కోడికి వెయ్యాలి, బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు పొయ్యాలి. ఆ కట్టడి పెట్టింది మా మేనత్త. అలాంటి మనిషి ఒకరోజు నా కళ్ళెదుటే మజ్జిగ నేలపాలు చేసింది.

అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. మూడో తరగతితోనే బడి మాన్పించారు. ఎవరేం పెట్టినా, ఎంత పని చెప్పినా నోరు తెరిచేదాన్ని కాదు. ముందురోజు బంతి భోజనంలో నా విస్తట్లో పులిహోర గుట్టలా పోస్తుంటే, చాలనడానికి సిగ్గుపడి, సగం పైగా ఆకుతో సహా పారేశాను. అత్తయ్య అది చూసింది. మర్నాడు నా చేతికి గ్లాసిచ్చి మజ్జిగ పొయ్యడం మొదలుపెట్టింది. గ్లాసు నిండింది, పొంగింది, మోచేతి మీదుగా కారి మట్టినేల తడిసింది. ఆమె చెయ్యి ఆగలేదు. చివరికి ఏడుస్తూ "చాలత్తా!" అని అరిచాను.

"హమ్మయ్య, మాటొచ్చిందే నీకు! పోసేవాళ్ళకి నీ కడుపు కనబడదే పిచ్చిదానా. నువ్వే చెప్పాలి. అదీ నిండకముందే చెప్పాలి."

ఆ నేలంతా నాచేతే అలికించింది కూడా.

యాభై దాటాక వంటపనికి ఖతార్ వెళ్ళాను. ప్రపంచకప్ వస్తోందని దోహా అంతా తవ్విపోస్తున్న రోజులవి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాని గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. అందులో నాదొక గది. పక్కగదిలో కిర్గిజ్ దేశం అమ్మాయి ఉండేది. రష్యన్ మాట్లాడేది, ఇంగ్లీషు అంతంత మాత్రం. అల్ సద్‌లో ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే డ్యూటీ. నోటుపుస్తకంలో ఒకవైపు ఇంగ్లీషు మాట, పక్కన రష్యన్ అర్థం రాసుకుని రోజూ వల్లె వేసేది. నన్ను మామా అని పిలిచేది, రష్యన్‌లో అమ్మా అని.

పనిలో పెట్టుకున్నప్పుడు రోజుకి పదహారు గదులన్నారట. ప్రపంచకప్ దగ్గరపడేకొద్దీ పద్దెనిమిది అయ్యాయి, ఇరవై అయ్యాయి, ఇరవై నాలుగయ్యాయి. సూపర్‌వైజర్ పొద్దున్నే చీటీ ఇస్తాడు, ఈ పిల్ల "యస్ సార్" అంటుంది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మా వసారాలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. హోటల్లో పడిందంటే టికెట్ చేతిలో పెట్టి పంపించేస్తారు. ఇంటి దగ్గర జబ్బు తల్లికి ఈమె తప్ప దిక్కులేదు.

"ఇనఫ్ అని చెప్పవే ఆయనతో!" అన్నాను. అది నేను వండిపెట్టే ఇంటి మేడమ్ నోట విని నేర్చుకున్న మాట.

"ఐ నో మామా, ఐ నో" అంటూ పుస్తకం తెరిచి చూపించింది. నిజమే, ఆ మాట ఉంది. కింద రెండు గీతలు కూడా గీసుకుంది. కాగితం మీద ఉంది, నోట్లో లేదు.

మా అత్తయ్య మజ్జిగ గుర్తొచ్చింది. పాలు, పంచదార నా డబ్బుతో కొన్నవే. అయినా టీ పెట్టాను. పళ్ళెంలో కప్పు పెట్టి పోశాను. అంచుదాకా నిండగానే ఆ పిల్ల మొహం చిన్నబోయింది. లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

"సారీ మామా. ఐ గో."

నాకేమీ అర్థంకాక చెయ్యి పట్టుకుని ఆపాను. చేతులతో, వచ్చీరాని మాటలతో చెప్పింది. వాళ్ళ దేశంలో చుట్టానికి టీ సగమే పోస్తారట. సగం పోస్తే, కూర్చో, మళ్ళీ పోస్తానని. నిండా పోస్తే, తాగి ఇక బయల్దేరమని. నేను గెంటేస్తున్నాననుకుంది పాపం. నవ్వే అలవాటు లేనిదాన్ని, పొట్ట పట్టుకుని నవ్వాను.

నవ్వు ఆగాక సంగతి బోధపడింది. అక్కడ పోసేవాళ్ళే చూసి ఆపుతారు. ఇక చాలని చెప్పే అవసరమేముంది? ఈ పిల్ల రోజూ ఆ సూపర్‌వైజర్ చెయ్యి దానంతటదే ఆగుతుందని ఎదురుచూస్తోంది!

"యువర్ సార్, హాఫ్ కప్ మాఫీ," అన్నాను, అరబ్బీలో మాఫీ అంటే లేదని. "హీ ఓన్లీ ఫుల్, ఫుల్, ఫుల్. యూ స్పీక్."

మళ్ళీ కూర్చోబెట్టి పోశాను. మొదటిసారి పళ్ళెంలోకి కారాక "ఇనఫ్" అంది. రెండోసారి గొణిగింది, వినబడలేదని పోస్తూనే ఉన్నాను. ఒలికిన టీ చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది, అయినా ఆపలేదు. మూడోసారి కప్పు సగంలో ఉండగానే అరచెయ్యి అడ్డంపెట్టి "ఇనఫ్!" అంది. ఎదురుగది వాళ్ళు తొంగిచూశారు.

మర్నాడు చీటీ అందుకుని "సిక్స్‌టీన్ ఇనఫ్, సార్" అందట. ఆయన కసిరాడట, మెట్లెక్కి తిరగాల్సిన అంతస్తు ఇచ్చాడట. కానీ గదులు మాత్రం పదహారే. ఆ కబురు చెబుతూ నా మంచం మీద కూర్చుని జడ విప్పుకుంది. ఆ పిల్ల జడ విప్పుకోవడం అంతవరకూ చూడలేదు.

ఆమెకి నేర్పినదాన్నేగాని, నేనెక్కడ వాడాను? చుట్టాలొస్తున్నారని మా మేడమ్ ఆరునెలలుగా సెలవురోజైన శుక్రవారం కూడా వంటకి పిలుస్తోంది, నేను తలూపుతున్నాను. ఆ గురువారం గరిటె కిందపెట్టి "మేడమ్, సిక్స్ డేస్ ఇనఫ్" అన్నాను. ఆవిడ ఏమందో గుర్తులేదు. మర్నాడు తొమ్మిదింటి దాకా పడుకోవడం మాత్రం బాగా గుర్తుంది.

ఊరికి వచ్చేశాక కూడా శుక్రవారం నేనెవరికీ వండను. మా కోడలు సణుగుతుంది. సణగనీ.