కాంటా ఎక్కిన లీడరక్క

మాది జనగామ. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా నెల్లికుదురు వైపు వచ్చి ఆరేళ్లయింది. మెడలో విజిల్ ఉంటే ఏ తగాదానైనా తీర్చగలనని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. రెండేళ్ల క్రితం మహిళా సంఘాల ఆటల్లో జరిగిన తాడు లాగే పోటీ ఆ నమ్మకాన్ని కాస్త వదులు చేసింది.

ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది ఒక ట్రాన్స్ మహిళ. అందరూ టైలరమ్మ అంటారు. ఆమె కూడా సంఘంలో సభ్యురాలే. కొంగు నడుముకు దోపుకుని ఆమె తాడు పట్టుకోగానే ఎదుటి జట్టు నాయకురాలు, అదే మా లీడరక్క, తాడు కింద పడేసి నా దగ్గరకు వచ్చింది.

"మేడం, గామె అటు దిక్కు లాగుతే మేమెట్ల గెలుస్తం? మొగపిలగాని లెక్క పెరిగిన ఒళ్లు గది. గిది న్యాయమేనా?"

ఆ ప్రశ్నలో అర్థం లేకపోలేదు. అలాగని సంఘంలో కలిసి కూర్చునే మనిషిని ఆట దగ్గర మాత్రం పక్కకు పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. నిబంధనల పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు కాసేపు నటించాను. చివరికి, "రెండు జట్ల బరువూ సమానం చేద్దాం" అన్నాను. పక్కనే వడ్ల బస్తాలు తూచే కాంటా ఉంది.

అంతే, మైదానం సగం ఖాళీ. నలుగురికి దాహం వేసింది. ఇద్దరికి పొయ్యి మీది కూర గుర్తొచ్చింది. లీడరక్కయితే, "మేమేమన్న వడ్ల బస్తాలమా మేడం?" అని నా మీదే గయ్యిమంది.

టైలరమ్మ మెల్లగా అంది: "అక్కా, నీ కొలతలన్నీ నా పుస్తకంల ఉన్నయి. కాంటా ఎక్కుతవా, పుస్తకం తెమ్మంటవా?"

లీడరక్క కాంటా ఎక్కింది.

జట్లు సరిచేసి విజిల్ ఊదాను. టైలరమ్మ జట్టే గెలిచింది. "నేను ముందే చెప్పిన్నా లేదా?" అంది లీడరక్క రొప్పుతూ.

"గెలిస్తే ఆడిదే కాదంటరు. ఓడితే పాపం ఆడిదే అంటరు. నన్నేం చెయ్యమంటవో నువ్వే చెప్పక్కా." టైలరమ్మ నవ్వుతూనే అంది గానీ, తాడు ఒరిసిన అరచేతుల మీంచి చూపు ఎత్తలేదు.

లీడరక్క కింద పడి ఉన్న తాడు అందుకుంది. తర్వాత, "ఇంకోపారి లాగుదాం. గీసారి నువ్వు మా దిక్కు రా" అంది. ఈసారి లీడరక్క జట్టు గెలిచింది. వెంటనే అవతలి జట్టు వచ్చి నన్ను చుట్టుముట్టింది: "మేడం, గిది న్యాయమేనా?"

బరువు సంగతి కాంటా చెబుతుంది. బలం సంగతి ఎవరు చెబుతారో నాకిప్పటికీ తెలియదు.

తర్వాత మహబూబాబాద్‌లో జరిగే జిల్లా పోటీల జట్టులోకి లీడరక్క పట్టుబట్టి టైలరమ్మను తీసుకుంది. అక్కడి నిర్వాహకులు మాత్రం నియమం స్పష్టంగా లేదంటూ ఆమెను పక్కన కూర్చోబెట్టారు. "అయితే మేమూ ఆడం" అని లీడరక్క అంటుందేమోనని చూశాను. అనలేదు. మొదటి రౌండ్‌లోనే దంతాలపల్లి ఆడవాళ్ల చేతిలో మావాళ్లు ఓడిపోయారు. బయట నుంచి అరిచి అరిచి టైలరమ్మ గొంతు బొంగురుపోయింది.

తిరిగొస్తుంటే ఆటోలో లీడరక్క అంది: "నువ్వుంటే గెలుస్తుంటిమి. నేను జర లొల్లి పెట్టాల్సుండె."

"నేనున్నా ఓడుతుంటిమి అక్కా. వాళ్ల చేతులు చూసినవా? దినాం పొలంల పనిచేసేటివి."

"ఏం చేతులు! నువ్వుంటే గెలుస్తుంటిమి."

ఊరొచ్చేదాకా ఆ వాదన తెగలేదు. నన్ను మాత్రం ఎవరూ తీర్పు అడగలేదు.