బరువు గుండు, పొడుగు చిల్లు

ఉదయం ఆరుంపావుకి అమలాపురంలో కొత్తపేట బస్సెక్కాను. చంకలో చుట్టిన అట్టలు, వాటిమీద నా చేత్తో గీసిన అడవిపంది బొమ్మ. కాకినాడలో తుపాకులు బాగుచేసే కొట్టొకటి మూతపడేదాకా ముప్ఫయ్యేళ్ళు అందులో పనిచేశాను. నా బడి చదువు అయిదో తరగతితో సరి. మిగతాదంతా నిఘంటువు పక్కన పెట్టుకుని పాత ఇంగ్లీషు పుస్తకాల్లో చదివిందే. తుపాకుల సంగతి తెలిసినవాణ్ణి గనకే, నా స్నేహితులు ప్రసాదరావు మాస్టారి మీద పడిన నింద వినగానే ఒళ్ళు మండిపోయింది.

మాస్టారు కొత్తపేటలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. గోదావరి లంకలో మొక్కజొన్నను పందులు నాశనం చేస్తుంటే అనుమతి తెచ్చుకుని, లైసెన్సున్న తన రైఫిలుతో కాపలా కాస్తున్నారు. క్రిందటి బుధవారం సాయంత్రం ఓ పంది భుజానికి గురిపెట్టి కాల్చారు. దెబ్బ కిందకు పోయి ముందుకాలు విరిగింది. అది చేలోకి దూరి, లోపల కూలిపని చేస్తున్న అబ్రహాం తొడ చీల్చింది. మాస్టారికి చూపు పోయిందని ఊరు తేల్చేసింది. ఆయనా నమ్మి, సోమవారం రైఫిలు స్టేషన్లో అప్పగించేస్తానన్నారు. ఫోనులో నేనడిగింది ఒకటే: "ఏ గుండు వాడేరండీ?" "బరువుదండి" అన్నారు. ఆ గుండ్లు అమ్మిన కొట్టువాడే దోషి అని అప్పుడే తీర్పు చెప్పేసుకున్నాను.

ముక్కామలలో దిగవలసిన ఆవిడ నా అట్టల వంక అదేపనిగా చూసింది.

"ఏటండీ బాబాయిగారూ, పెళ్ళి బేనరా?"

"పంది బొమ్మమ్మా."

"ఆయ్. దానికీ టిక్కెట్టు తీసేరా మరి?"

బస్సంతా నవ్వింది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, ఎన్నైనా అంటారు.

ఏడుంపావుకి కొత్తపేట. బస్టాండు ఎదురు హోటల్లో పెసరట్టు బాగుంది, అల్లం పచ్చడి అడక్కుండానే రెండోసారి వేశారు. ఎనిమిదింటికి మాస్టారు కారు తెచ్చారు. రావులపాలెం, జొన్నాడ వంతెన దాటి, మండపేటలో మిల్లుల ముందు ధాన్యం లారీల వెనక ఇరవై నిమిషాలు నిలబడి, తొమ్మిదిన్నరకి ఊరవతలి షూటింగ్ రేంజి చేరాం. వెళ్ళేవారు ముందురోజే ఫోను చేసుకోవాలి. లైసెన్సు అసలు ప్రతి ఉండాలి, జిరాక్సుకి గేటు తియ్యరు.

రేంజి చూసే నాయుడుగారు మాజీ సైనికుడు. నా పందిని వంద గజాల దూరంలో నిలబెట్టారు. మొదట తేలిక గుండ్లు. మాస్టారు మూడు కాల్చారు. మూడు చిల్లులూ భుజం మీద అరచేతితో మూసేటంత చోటులో పడ్డాయి.

"కళ్ళు పోయినాయన కాల్చిన కాల్పేనా ఇది?" అన్నాను గట్టిగా. నాయుడుగారు నవ్వేరు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

తర్వాత బరువువి. మొదటిది బెత్తెడు కిందకు పోయింది. రెండోది ఎడమకు జరిగింది. మూడోది అట్ట అంచును రాసుకుంది. దగ్గరకెళ్ళి చూస్తే చిల్లులు గుండ్రంగా లేవు, దోసగింజల్లా పొడుగ్గా ఉన్నాయి.

"గుండు పక్కకి పడుకుని వచ్చిందండి" అన్నారు నాయుడుగారు.

రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన సన్నని గాడులుంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పి పంపుతాయి. గుండు బరువెక్కితే పొడుగెక్కుతుంది. పొడుగు గుండుకి ఇంకా బిగువైన మెలి కావాలి. ఈ గొట్టంలో అది లేదు. తిరుగుడు చాలని బొంగరంలా గుండు తూలిపోయింది.

"ఇలాంటివి అంటగట్టిన ఆ కొట్టువాణ్ణి కోర్టుకీడ్చాలి!" అని అరిచాను.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు: "కొట్టాయన తేలికవే తీసేడండి. బరువువి నేనడిగి పుచ్చుకున్నాను. మీరు చెప్పేరు కదండీ, మా తమ్ముడి కూతురి పెళ్ళి బంతిలో."

అన్నీ గుర్తుంటాయని చెప్పుకు తిరిగే నాకు ఆ మాట గుర్తు లేదు. ఆయన అన్నాక ఆకులో పనసకాయ కూరతో సహా కళ్ళముందుకొచ్చింది. "పందికి బరువు గుండే పడాలండి, తేలికది తోలుమీద గీత గీస్తుందంతే." పుస్తకంలో చదివిన మాట. ఆ పుస్తకంలో రైఫిలు వేరు, దాని మెలి వేరు. మాస్టారి రైఫిలు మెలి ఎంతో నేను అడిగిన పాపాన పోలేదు.

"కొన్నాక ఒక్కటైనా కాల్చి చూసుకోలేదాండీ?"

"ఖరీదైనవి కదండీ. గురి తేలికవాటితో సరిచూసుకుని, బరువువి పందికని దాచేను."

చుట్టాలొస్తేగాని కొత్త కంచాలు దించని ఊళ్ళు మావి. తూటాలనూ అలాగే దాచుకుంటాం.

"ఈ సలహా నాదేనని ఫోనులోనే చెప్పవచ్చు కదండీ?"

"పెద్దవారు, బస్సెక్కి వస్తానన్నారు. రానిద్దామనుకున్నానండి."

పదకొండున్నరకి తిరుగుముఖం పట్టాం. ఒంటిగంటకు కొత్తపేటలో అబ్రహాం ఇంటి ముందు ఆపమన్నాను. తొడకు కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. అట్ట పరిచి, తప్పు మాస్టారి చూపుది కాదనీ, నా సలహాదనీ చెప్పాను.

అబ్రహాం చిల్లులు వేలితో తడిమాడు. "గుండు అడ్డంగా ఎళ్ళిందాండీ? పంది మాత్రం నా మీదకి తిన్నగానే వచ్చిందండి."

మాస్టారు తల దించుకున్నారు. "సోమవారం రైఫిలు ఇచ్చేస్తానురా."

"ఇచ్చేస్తే పందులు మానేత్తాయేటండీ? నాకు కాలు నెమ్మదించేక మళ్ళీ ఆ చేలోకే ఎళ్ళాలి. తేలికయ్యే ఏసుకుని కాల్చండి. కాకపోతే మాస్టారూ, కాల్చేముందు చేలో ఎవరున్నారని ఒక్క కేక ఎయ్యండి. ఆ వేళ ఎయ్యలేదు మీరు."

"వెయ్యలేదురా అబ్రహాం" అన్నారు మాస్టారు.

గొట్టం, మెలి, బరువు, బెత్తెడు తేడా అంటూ పొద్దుటినుంచీ ఇద్దరం మాట్లాడుకున్నామే గాని, ఆ కేక సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. రైఫిలు ఇవ్వననీ, ముందు కేక వేయకుండా ట్రిగ్గరు మీద వేలు పెట్టననీ మాస్టారు అబ్రహాం చెయ్యి పట్టుకుని చెప్పారు.

మూడుంపావు బస్సుకి అమలాపురం బయల్దేరాను. కిటికీ పక్కనే సీటు దొరికింది. దారి పొడుగునా చేలల్లో వంగి పనిచేసుకునేవాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. ఇన్నేళ్ళూ ఈ దారిన వస్తూపోతూ పైరు ఎంత ఎదిగిందో చూశాను. మధ్యలో తలలు ఎన్ని ఉన్నాయో ఇవాళే లెక్కపెట్టాను. పైరు ఎత్తుగా ఉన్నచోట తలలు కనపడలేదు.