మరిది చేత తీయించిన తలుపు

సొంత మరిదిని పరాయివాణ్ణి అడిగినట్టు "మీ పేరేంటండీ?" అని అడిగిందట. అడిగి, పదిమంది ముందు అతని చేతులతోనే అతని పొట్ట కొట్టించిందట. ఆమె పుణ్యమా అని బాయిలరు మూతపడిందట, మనుషులు రోడ్డున పడ్డారట. రెండు వీధుల అవతల కుళాయి దగ్గర కూడా ఇదే కథ. చెప్పేవాళ్లకు నోరు నొప్పి పుట్టదు, వినేవాళ్లకు విసుగు రాదు.

పేరు అడిగిన మాట నిజమే.

ఆమె పని అలాంటిది. భూమిని వేడెక్కించే వాయువులు ఏడాదిలో ఎంత వదిలిందో ప్రతి ఫ్యాక్టరీ తనకు తానే రిపోర్టు రాసుకుంటుంది. అది నిజమేనని, ఏ సంబంధమూ లేని బయటి మనిషి వచ్చి, చూసి, సంతకం పెట్టాలి. ఆ మనిషి ఈమె. వెళ్లిన చోట మంచినీళ్లు కూడా ముట్టేది కాదు, సంచిలో సొంత సీసా ఉండేది. అందుకే వెనకాల అందరూ సీసా మేడం అనేవారు.

పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి ఇంట్లో మేడ మీది గదిలో ఉండేది. మరిదికి బట్టలకు రంగులేసే ఫ్యాక్టరీలో బాయిలరు పని. ఆ ఫ్యాక్టరీ తన వంతుకు రాగానే ఆమె తన ఆఫీసులో పెద్దసారు బల్ల ముందుకెళ్లి నిలబడింది.

"సార్, మా చెల్లెలి భర్త అక్కడే పనిచేస్తాడు. ఇంకెవరినైనా పంపండి."

"ఎవరున్నారమ్మా? అందరూ తిరుగుళ్లలోనే ఉన్నారు. నువ్వు చూసేది పొగని, మరిదిని కాదు. వెళ్లిరా."

రాసి ఇవ్వాల్సిన మాట నోటితో చెప్పి ఊరుకుంది. పెద్దసారంటే ఆమెకు అంత గురి.

గ్యాసు బాయిలరు ఒక్కటే నడుస్తోందని, వెనక షెడ్డులోని బొగ్గు బాయిలరు ఏడాది కిందటే ఆపేశామని రిపోర్టులో ఉంది. మేనేజరు ఆమెను స్వయంగా తీసుకెళ్లి చూపించాడు. ఆపేసిన బాయిలరు కొత్త వెండిరంగుతో పెళ్లికూతురిలా తళతళలాడుతోంది. పక్కన మరిది నిలబడి ఉన్నాడు. పొద్దున ఒకే గిన్నెలో కాచిన టీ తాగి ఇద్దరూ ఇంట్లోంచి బయల్దేరారు.

"మీ పేరేంటండీ?"

కూలీలు మోచేతులతో పొడుచుకున్నారు. "ఇంట్లో కూడా గుర్తింపు కార్డు చూశాకే అన్నం పెడుతుందేమో రా!" అని ఒకడు గొణిగాడు. కిసుక్కున నవ్వులు.

మరిది తల దించుకొని పేరు చెప్పాడు.

"ఇది ఎప్పుడు ఆపారు?"

"ఏడాది దాటిందండి. అప్పట్నుంచి నిప్పు మొహం చూడలేదు."

బయట చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బాయిలరు మీద మాత్రం ఒక పిల్లి వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ చాపి, హాయిగా నిద్రపోతోంది. ఆమె పిల్లిని చూసింది. ఆమె చూపు వెంట మేనేజరూ చూశాడు.

"ఛీ, పో!" అని చప్పట్లు కొట్టాడు. పిల్లి ఒక కన్ను తెరిచి అతన్ని చూసి, మళ్లీ మూసుకుంది.

"తలుపు తెరవండి," అంది ఆమె.

"తుప్పు పట్టిపోయిందండి, రాదు." మరిది నోరు ఆ మాట అంటుంటే కళ్లు ఆమెను బతిమాలుతున్నాయి.

మేనేజరునే తెరవమనవచ్చు. తనే లాగవచ్చు. కానీ సొంతవాణ్ణి తప్పించిందని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదనుకుంది.

"మీరే తెరవండి."

తెరిచాడు. బూడిద కింద నిప్పులు ఎర్రగా కణకణమంటున్నాయి.

ఆమె సంతకం పెట్టలేదు.

సాయంత్రం చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆయన చేత అబద్ధం ఆడించింది వాళ్లు. తలుపు తీయించింది నువ్వు. వాళ్లే నయం కదే అక్కా!"

"తప్పుడు రిపోర్టుకి నేనెలా సంతకం పెడతానే?"

"పెట్టకు. ఎవరు పెట్టమన్నారు? అంతమందిలో నీకు మా ఆయనే దొరికాడా?"

ఆమె చెల్లెల్ని దాటుకొని లోపలికి వచ్చి కూర్చుంటే మరిది కూతురు గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"పెద్దమ్మకి ఇవ్వకు తల్లీ," అన్నాడు మరిది నెమ్మదిగా. "మన నీళ్లు తాగరు వాళ్లు."

ఆ వారమే ఫ్యాక్టరీ అతన్నీ, షెడ్డులోని మిగతావాళ్లనీ పనిలోంచి తీసేసింది. ఆమె చుట్టరికం దాచి తనిఖీకి వచ్చిందని మేనేజరు ఆమె ఆఫీసుకు ఫిర్యాదు చేశాడు.

"మీతో ముందే చెప్పాను కదా సార్?"

"నాతోనా? ఎప్పుడమ్మా?" అన్నాడు పెద్దసారు, తొణక్కుండా బెణక్కుండా.

ఆమె ఉద్యోగం ఊడింది. ఇంటికి వచ్చేసరికి ఆమె పెట్టె మేడ మెట్ల మీద ఉంది. చెల్లెలు తలుపు తీయలేదు.

ఇప్పుడు వేరే వీధిలో ఇరుకు గదిలో ఉంటూ, పార్సిళ్ల గోదాములో పెట్టెలకు చీటీలు అంటిస్తోంది. అక్కడి ఆడవాళ్లకూ కథ తెలుసు. ఆమె వస్తే మాట ఆపేస్తారు, వెళ్లగానే అందుకుంటారు.

ఫ్యాక్టరీ రిపోర్టు మాత్రం నెగ్గింది. ఆమె బదులు వచ్చిన పెద్దమనిషి మేనేజరు గదిలోనే కూర్చొని, టీ తాగి, సంతకం పెట్టి వెళ్లాడు. వెనక షెడ్డులో ఇప్పుడు కొత్త మనుషులు బొగ్గు వేస్తున్నారు. ఆ తనిఖీ తర్వాత బాయిలరు ఒక్క పూట కూడా మూతపడలేదు.