అత్త చెప్పింది వేరు, నేను చెప్పింది వేరు

తొమ్మిదేళ్లుగా నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు. నా మనసు మీద బరువు అదే. తిట్టి ఉంటే ఎప్పుడో దింపేసుకునేదాన్నేమో. మెచ్చుకుంటుంటే ఎలా దింపుకోవడం? మా బంధువుల ఇళ్లలో పెళ్లి జరిగినా బారసాల జరిగినా ఎవరో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంటుంది. "కోడలంటే నువ్వేనమ్మా. నొప్పని తెలిసిన మర్నాడే అత్తని ఆస్పత్రికి తీసికెల్నావు" అంటుంది. నేను నవ్వుతాను. ఆ నవ్వు నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నా పేరు అడగకండి. మాది బరంపురం, పప్పుల టోకు వ్యాపారం, మూడు తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్లం. ఇంతకు మించి చెబితే మా వీధివాళ్లు పట్టేస్తారు.

ముందు మా అత్త సంగతి చెప్పాలి. సరిహద్దు పల్లె నుంచి కాపురానికి వచ్చిన మనిషి. నలభై ఏళ్లు బరంపురంలో ఉండి ఆవిడ నేర్చుకున్న ఒడియా మూడే మాటలు: రా, పో, ఎంత. తక్కినదంతా నేనే. నేను ఒడియా బడిలో చదివాను కాబట్టి పెళ్లయిన వారానికే నన్ను కూరల బజారుకి వెంటబెట్టుకుని వెళ్లింది. ఆకాకరకాయలు ఏరుతూ, కొట్టువాడితో, "ఈ ముదురుకాయలు నీ పెళ్లానికి వండి ఎట్టు, నాకెందుకు" అంది. నేను ఒడియాలోకి తిప్పి, "లేతవి చూసి ఇవ్వమంటోంది అన్నా" అన్నాను. వాడు, "ఈ ముసలమ్మని ఇంట్లో పెట్టి రాకూడదా" అన్నాడు. "నీకైతే తగ్గించి ఇస్తాడట అత్తా" అన్నాను. ఇద్దరూ సంతోషించారు. ఆ కొట్టువాడు మా అత్తంత మంచావిడ బజారులోనే లేదని అందరితో చెప్పేవాడు. నాకు లోపల నవ్వు ఆగేది కాదు.

పద్నాలుగేళ్లు అలాగే గడిచాయి. ఆవిడ కోపం నా నోట్లో పడి సగమయ్యేది. "నీ నోరే నా నోరు అమ్మీ" అనేది. నన్ను కోడలిలా చూడలేదు, అలాగని కూతురిలానూ చూడలేదు. నా మీద అలిగేది, అలిగి అన్నం తినేది కాదు, నేను వెళ్లి కలిపి పెడితే తినేది. పచ్చడి ముక్క దాచి ఉంచి మా ఆయన చూడకుండా నా కంచంలో వేసేది. ఆవిడంటే నాకు ప్రాణం. ఈ మాట చెప్పకుండా మిగతాది చెబితే, నేను ఆవిడకి ఏదో కక్షతో చేశానని మీరు అనుకోవచ్చు.

ఆ శుక్రవారం పొద్దున అత్త దిండు పొట్టకి హత్తుకుని ముందుకు వంగి కూర్చుంది. పైకడుపులో నొప్పి అంది. వీపులోకి పొడుచుకొస్తోందంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ మధ్యాహ్నమే నేను కొడల ఊరికి, మా పుట్టింటికి వెళ్లాలి. మా తమ్ముడి కొత్త ఇంటి గృహప్రవేశం శనివారం తెల్లవారుజామున. మా ఇళ్లల్లో ఆడపడుచే పాలు పొంగించాలి. నేను వెళ్లకపోతే మా పెదనాన్న కూతురు పొంగిస్తుంది. ఆవిడకీ నాకూ చిన్నప్పటి నుంచీ పడదు. ఆ పొయ్యి ముందు ఆవిడ కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను. చూడండి, ఎంత చిన్న సంగతో.

"గ్యాసే అత్తా" అన్నాను. వాము నీళ్లు కాచి ఇచ్చాను. ఒక బిళ్ల వేశాను. మా ఆయనకి తెలిస్తే నా ప్రయాణం ఆపేస్తారని, ఆయనకి చెప్పొద్దన్నాను. అత్త నా జడ సవరించి, "ఎల్లిరా, నాకేటీ కాదు" అంది. పూలు కూడా ఆవిడే పెట్టింది.

పాలు పొంగించాను. అందరూ చూశారు. శనివారం సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేసి అత్త ఏం చేస్తోందని అడిగాను. పొద్దున్నించీ ఏమీ తినలేదు, ఉపవాసమంటోంది, పడుకుంది అన్నారు. దుకాణం నుంచి రాత్రికి గాని ఇల్లు చేరని మనిషి, అమ్మ చెప్పింది నమ్మారు. నేను నమ్మలేదు. శనివారాలు ఆవిడ ఉపవాసం ఉండదని నాకు తెలుసు. అయినా, "సరే" అని ఫోన్ పెట్టేశాను. ఆదివారం కూడా అక్కడే ఉన్నాను. అక్కచెల్లెళ్లం కూర్చుని పకోడీలు వేసుకుని పాత కబుర్లు చెప్పుకున్నాం. శనివారానికి ఏదో ఒక కారణం చెప్పుకోగలను. ఆదివారానికి ఏం చెప్పుకోను?

సోమవారం పొద్దున బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అత్త నేల మీద ఉంది. పెదాలు ఎండిపోయాయి. పొట్ట ముట్టుకోనివ్వలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారిలోంచే ఫోన్ చేస్తే, మా ఆయన దుకాణం నుంచి అటే వచ్చి చీటీ రాయించే వరుసలో నిలబడ్డారు. లోపల మంచం దగ్గర మేము ముగ్గురమే. అత్త, నేను, తెలుగు రాని ఒక కుర్ర డాక్టరు.

"కేబేఠారు?" అన్నాడు. ఎప్పటినుంచి అని.

"నొప్పి ఎప్పుడు మొదలైందని అడుగుతున్నారు అత్తా."

"సుక్రోరం పొద్దున్నించి బాబూ." ఆవిడ నాతో కాదు, డాక్టరుతోనే చెప్పింది. "కోడలు పుట్టింటికెల్లాల, పాలు పొంగించాల. ఎల్లే పిల్లనేటి ఆపుతామని నేనే గమ్మునున్నాను."

నేను డాక్టరు వైపు తిరిగాను. "కాలి రాతిరు, సార్."

నిన్న రాత్రి నుంచి. ఆయన అదే రాసుకున్నాడు. నా నోరు ఒక్క క్షణం కూడా తడబడలేదు. తప్పంతా అత్త తన మీద వేసుకుని చెప్పింది. అన్నది అన్నట్టు చెప్పినా డాక్టరు నన్ను ఒక్క మాట అనేవాడు కాదు. ఆ సంగతి ఆ క్షణానే నాకు తెలుసు. అయినా ఎందుకు చెప్పలేదు? చీటీలో శుక్రవారం అని పడితే మా ఆయన చదువుతారని భయం. పద్నాలుగేళ్లుగా ఆవిడ మాటని సగం చేసి చెప్పడం అలవాటైన నాలుక అలవాటుగానే ఆ పని చేసిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. కూరల బజారులో ఆవిడ కోసం మార్చేదాన్ని. అక్కడ నా కోసం మార్చాను.

పిత్తాశయంలో రాళ్లు, ఒక రాయి జారి దారికి అడ్డుపడింది, దానివల్ల క్లోమం వాచింది అన్నారు. నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారు. సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. బుధవారానికి ఆయాసం మొదలైంది. ఐసీయూకి మార్చారు, పెద్ద స్కాన్ తీశారు. క్లోమంలో కొంత భాగం చచ్చిపోయిందట. ఆ కుర్ర డాక్టరు నన్నూ మా ఆయననీ పిలిచి, "ఒక్క రాత్రి నొప్పికి ఇంత ముదరడం ఏమిటి? ముందు ఏమీ లేదా?" అని ఒడియాలో అడిగాడు. మా ఆయన నా వైపు చూశారు. దేవుడు నాకు రెండోసారి అవకాశం ఇచ్చాడనుకోండి. నేను తల అడ్డంగా ఊపాను.

మర్నాడు పెద్ద డాక్టరు విద్యార్థులతో వచ్చాడు. ఈ జబ్బులో మనిషి గట్టెక్కడం వేటి మీద ఉంటుందో వాళ్లకి వివరిస్తున్నాడు. వయసు, ఒంటి బరువు, ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ ఎలా తట్టుకుంటున్నాయి, ఎంత త్వరగా వచ్చి సెలైన్ అందుకున్నారు. అక్కడ ఆగి, ఫైలు చూసి, "ఈవిడ విషయంలో అది బాగా జరిగింది, కోడలు ఆలస్యం చెయ్యలేదు" అన్నాడు. ఆ పిల్లలందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ మాట పట్టుకుని మా ఆయన ఊరంతా చెప్పారు.

తెలివి ఉన్నప్పుడల్లా అత్త నన్ను అడిగేది. "ఏటంతన్నాడు అమ్మీ డాక్టరు?" నయమైపోతుందంటున్నాడు అత్తా, అనేదాన్ని. ఆవిడ నా మాట నమ్మి కళ్లు మూసుకునేది. ఒకసారి మజ్జిగ అడిగింది. ఇవ్వకూడదు. పెదాలకి తడిగుడ్డ అద్దాను. మూడో వారంలో పోయింది.

తరువాత ఎన్నో ఏళ్లకి వేరే డాక్టరు ఒకాయనని, దూరపు చుట్టం సంగతిలాగా అడిగాను. మొదటి ఒకటి రెండు రోజులు చాలా ముఖ్యమమ్మా అన్నాడు. కాస్త ఆగి, గంటలోపు వచ్చినవాళ్లూ పోతారు, వారం తరువాత వచ్చి నడిచి ఇంటికి వెళ్లినవాళ్లూ ఉన్నారు, ఏదీ చెప్పలేం అన్నాడు. నేను ఎందుకు అడిగాను? ఊరట కోసమా, శిక్ష కోసమా? రెండూ దొరకలేదు. శుక్రవారమని తెలిసి ఉంటే వాళ్లు స్కాన్ ముందే తీసేవారా, ఐసీయూకి ముందే మార్చేవారా? నా అబద్ధం ఆవిడ ప్రాణం తీసిందా, లేక పోయే ప్రాణం మీద ఒక మచ్చ వేసిందా? ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా తేలదు.

ఈ మధ్యనే ఆవిడ ఆబ్దికం జరిగింది. చుట్టాలు భోజనాలు చేసి వెళ్లిపోయారు. మా ఆయన వసారాలో నడుం వాల్చబోతున్నారు. నేను వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. శుక్రవారం సంగతి చెప్పాను, ఫోన్ సంగతి చెప్పాను, ఆదివారం పకోడీల సంగతి కూడా చెప్పాను. ఆస్పత్రిలో అత్త ఏమందో, నేను డాక్టరుకి ఏమని చెప్పానో చెప్పాను.

ఆయన అంతా విని, "సుక్రోరమే తీసికెల్తే అమ్మ బతికేదేటి?" అన్నారు.

"తెలీదండీ" అన్నాను.

ఆయన లేచి చొక్కా తొడుక్కుని, దుకాణం తియ్యాలని వెళ్లిపోయారు. క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఉప్పు తక్కువైందనో, కరెంటు బిల్లు వచ్చిందనో మాట్లాడుతున్నారు గాని, ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తమని నేను అడగను. ఆ రోజు ఆయన వీధి మలుపు తిరిగాక నేను లోపలికి వచ్చి వంటింట్లో కూలబడి ఏడ్చాను. మొదటిసారి అత్త కోసం ఏడ్చాను. తొమ్మిదేళ్లుగా ఏడ్చిందంతా ఎక్కడ బయటపడిపోతానో అన్న భయంతోనే.