పదమూడో రోజు ప్రయాణం

రెండు వేల ఇరవై ఐదు జనవరి. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీమోథెరపీ డే కేర్ ఇన్‌చార్జి నర్సుగా నాకప్పటికి పదకొండో ఏడు. డే కేర్ అంటే రోగి పొద్దున వచ్చి, కుర్చీలో కూర్చుని మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయే గది. మాకు ఆరు కుర్చీలు, ఒక మంచం ఉండేవి, ఇద్దరు నర్సులం ఉండేవాళ్ళం. మా క్యాన్సర్ డాక్టరు గారు విజయవాడ నుంచి సోమవారం, బుధవారం మాత్రమే వస్తారు కాబట్టి ఆ రెండు రోజులే కీమో ఇచ్చేవాళ్ళం.

నాకు నోరెక్కువ. ఈ మాట మా వాళ్ళందరూ చాటుగా అంటారు, నేను బాహాటంగానే ఒప్పుకుంటాను. జ్వరం వచ్చినా రెండు రోజులు ఇంట్లో పడుకుని వచ్చేవాళ్ళనీ, ఎవరో చెప్పిన ఆకు పసరు తాగి వచ్చేవాళ్ళనీ చూసి చూసి నా గొంతు అలా తయారైంది. తిడితే వింటారు, వింటే బతుకుతారు అని నా లెక్క. ఆ లెక్క మీద నాకు గర్వం కూడా ఉండేది.

రాజ్యలక్ష్మి గారిది పెడన. నలభై మూడేళ్ళు. కలంకారీ షెడ్డులో పొడుగాటి బల్లల దగ్గర నిలబడి గుడ్డ మీద అచ్చులు కొట్టడం ఆవిడ పని. భర్త వెంకటేశ్వరరావు గారు అదే షెడ్డులో రంగులు కలుపుతారు. ఒక్కతే కూతురు సింధు, బందరులో డిగ్రీ చదువుతోంది. కుడి రొమ్ములో గడ్డ. ముందు ఎనిమిది సార్లు కీమో ఇచ్చి గడ్డని తగ్గించి, ఆ తర్వాత ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు గారు నిర్ణయించారు. మొదటి నాలుగు సార్లూ ఎక్కించేది ఎర్రగా ఉండే మందు. జుట్టు రాలిపోయేది దాంతోనే.

కీమో ఇరవై ఒక్క రోజులకొకసారి ఇస్తాం. ఆ ఇరవై ఒక్క రోజుల్నీ ఒక సైకిల్ అంటాం. మందు ఎక్కిన వారానికి రక్తంలో తెల్లకణాలు పడిపోవడం మొదలవుతుంది. వీటి సంఖ్యనే మేం కౌంట్స్ అంటాం. రెండో వారం చివరిదాకా కౌంట్స్ అట్టడుగున ఉండి, మూడో వారంలో మెల్లగా లేస్తాయి. అవి అడుగున ఉన్న రోజుల్లో మామూలు జ్వరమైనా సరే, కొన్ని గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రతి ఇంటికీ ఒక థర్మామీటరు ఇచ్చి, వంద పాయింట్ నాలుగు దాటితే మాత్ర వేసుకోకుండా పరిగెత్తుకు రమ్మని చెప్తాం.

రెండో సైకిల్లో ఆవిడ సరిగ్గా పదో రోజున చుట్టాల పెళ్ళికి వెళ్ళొచ్చింది. ఆ సంగతి తెలిసి డే కేర్‌లో అందరి ముందూ దులిపేశాను. ఆవిడ తలొంచుకుని విన్నది. పక్కనే ఉన్న సింధు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆవిడ ఒక్క తప్పూ చెయ్యలేదు కాబట్టి నా మందు పనిచేసిందనుకున్నాను.

మూడో సైకిల్ అప్పుడు రాజ్యలక్ష్మి గారే నా దగ్గరికి వచ్చి ఒక కోరిక చెప్పింది. ముగ్గురూ కలిసి రెండు రోజులు దివిసీమ వెళ్ళిరావాలని. శనివారం హంసలదీవిలో సముద్రం చూసి, రాత్రికి అవనిగడ్డలో గది తీసుకుని, ఆదివారం మోపిదేవిలో దర్శనం చేసుకుని వచ్చేస్తారట. ఇప్పుడు ఇంత ఆత్రం ఏమిటని అడిగాను.

"ఇంట్లో ఉంటే వచ్చినవాళ్ళందరూ నన్ను చూసి ఏడుస్తున్నారండి. వాళ్ళని ఓదార్చి పంపేసరికి నాకు ఓపిక అయిపోతోంది. రెండు రోజులు ఎవరూ ఏడవని చోట మా అమ్మాయితో కూర్చోవాలని ఉంది" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది. క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్క చూశాను. నాలుగో సైకిల్ జనవరి ఆఖరి బుధవారం. అక్కడి నుంచి పద్దెనిమిదో రోజు శనివారం. అప్పటికి కౌంట్స్ లేస్తాయి, హంసలదీవిలో మాఘ పౌర్ణమి తిరునాళ్ళకొచ్చే జనం కూడా తగ్గిపోతారు. డాక్టరు గారిని అడిగితే సరేనన్నారు. ఒక కాగితం మీద ఆ రెండు తేదీలూ రాసి, చుట్టూ గీత గీసి, 'వెళ్ళవచ్చు' అని రాసిచ్చాను. చుట్టాల ఫోన్లు రాకుండా అందరూ స్విచాఫ్ చేసుకుంటామని ఆవిడ అంటే మంచి ఆలోచన అని మెచ్చుకున్నాను కూడా. మా పేషెంట్లని స్కానింగులకి విజయవాడ తీసుకెళ్ళే నాంచారయ్య కారయితే శుభ్రంగా ఉంటుందని అతన్ని నేనే మాట్లాడిపెట్టాను.

తీరా ఆ బుధవారం అమావాస్య అయింది. మా వైపు అమావాస్య నాడు మందు మొదలుపెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆ రోజు మా కుర్చీలు సగం ఖాళీగా ఉంటాయి. మేమూ అలవాటుపడిపోయి, నాలుగైదు రోజులు ఆలస్యమైతే నష్టం లేదని డాక్టరు గారు చెప్పినవాళ్ళని తర్వాతి సోమవారానికి మారుస్తుంటాం. రాజ్యలక్ష్మి గారి అత్తగారు ఒప్పుకోవడం లేదని వెంకటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. ఆ రోజు అలాంటి ఫోన్లు నాకు నాలుగు వచ్చాయి. డాక్టరు గారిని కనుక్కుని నలుగురినీ సోమవారం లిస్టులోకి మార్చేశాను. నేను రాసిచ్చిన కాగితం నా మనసులోకి రానేలేదు.

ఫిబ్రవరి మధ్యలో ఆ శనివారం పదకొండు గంటలకి, అమావాస్య వల్ల మారిన నలుగురిలోనే ఒకావిడ కొడుకు వచ్చాడు. మర్నాడు గృహప్రవేశం ఉంది, అమ్మని తీసుకెళ్ళొచ్చా అని అడిగాడు. నేను క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కపెట్టి, మందు ఎక్కింది సోమవారం, ఇవాళ పదమూడో రోజు, గుమ్మం కూడా దాటనివ్వొద్దు అని కసిరాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే ఆ సోమవారం ఆవిడ పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో గుర్తొచ్చింది.

వెంకటేశ్వరరావు గారికి ఫోన్ చేస్తే స్విచాఫ్. సింధుకి చేస్తే స్విచాఫ్. నాంచారయ్య ఫోన్ అందుబాటులో లేదని వస్తోంది. హంసలదీవి సముద్రపు ఒడ్డున సిగ్నల్ సరిగా ఉండదని నాకు తెలుసు. విజయవాడలో ఉన్న డాక్టరు గారికి ఫోన్ చేసి, నా వల్ల జరిగిన పొరపాటు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, జ్వరం లేకపోతే భయం లేదు, ఉంటే మాత్రం గంటలు లెక్క, ముందు మనిషిని పట్టుకోండి అన్నారు. గది ఖాళీ చేయించి, రక్తపరీక్ష సీసాలు, యాంటీబయాటిక్ సిద్ధం చేయించాను. చేతులు ఆ పని చేస్తున్నాయి, రెండు నిమిషాలకొకసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను.

పన్నెండున్నరకి నాంచారయ్య ఫోన్ కలిసింది. వాళ్ళని ఒడ్డున దింపి, తను భోజనానికి కోడూరు వచ్చాడట. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. "బానే ఉన్నారండి. కాకపోతే ఎండలో కూడా దుప్పటి కప్పుకునే కూర్చున్నారు" అన్నాడు. వెంటనే వెనక్కి వెళ్ళి తీసుకురమ్మన్నాను.

"వస్తారంటారా అండీ? సిస్టర్ గారే కాగితం రాసిచ్చారని పొద్దున నాకు చూపించారు" అన్నాడు.

"ఆ కాగితం తప్పని చెప్పండి. సిస్టరు తప్పు చేసింది, ఒప్పుకుంటోంది, వెంటనే రమ్మంటోందని చెప్పండి. ఈ మాటే చెప్పండి, ఇంకేం చెప్పకండి."

ఆ తర్వాత ముప్పావుగంట ఏ కబురూ లేదు. నా ఉద్యోగంలో అంత పొడుగాటి ముప్పావుగంట ఇంకొకటి లేదు. పోతే ఉద్యోగం పోతుంది, దానిదేముంది అనుకున్నాను. ఆవిడకేమైనా అయితే ఆ పిల్ల ముఖం ఎలా చూడాలో మాత్రం తెలియలేదు.

అవనిగడ్డ దగ్గరికి వచ్చాక సింధు ఫోన్ చేసింది. థర్మామీటరు పెట్టించాను. నూటొకటి పాయింట్ ఎనిమిది. అమ్మ వణుకుతోందనీ, పిలిస్తే ఆలస్యంగా పలుకుతోందనీ చెప్పింది. డాక్టరు గారిని అడిగితే మందు సిద్ధంగా ఉంది కాబట్టి ఎక్కడా ఆగకుండా మన దగ్గరికే రమ్మనండి అన్నారు. చల్లపల్లి దాటాక వరిగడ్డి ట్రాక్టర్లు అడ్డం పడి పావుగంట పోయింది. ఆ పావుగంటా సింధు ఫోన్ పెట్టెయ్యలేదు. నేను అమ్మని మాట్లాడిస్తూ ఉండమనేదాన్ని, ఆ పిల్ల అమ్మా అమ్మా అంటూనే ఉంది.

మూడింటికి కారు వచ్చింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టేటప్పటికి బీపీ ఎనభైకి దిగిపోయింది. రక్తం తీసి, సెలైన్ పెట్టి, పదిహేను నిమిషాల్లో యాంటీబయాటిక్ ఎక్కించాం. కౌంట్స్ రిపోర్టు చూస్తే తెల్లకణాలు దాదాపు లేనట్టే ఉన్నాయి. ఈ స్థితిని ఫెబ్రైల్ న్యూట్రోపీనియా అంటారు. అంటే జ్వరం ఉంది, దానితో పోరాడే సైన్యం లేదు. సాయంత్రం ఆరింటికి బీపీ కాస్త నిలబడింది. మర్నాటి మధ్యాహ్నానికి గానీ భయం లేదని డాక్టరు గారు అనలేదు. నేను ఆ రెండు రోజులూ ఇంటికి వెళ్ళలేదు.

నాలుగో రోజు ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింది. సింధు అక్కడే గిన్నె కడుగుతోంది. నేను మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. క్షమాపణ అడగడం నాకు అలవాటు లేని పని.

"తప్పు నాదండీ. మందు తేదీ మార్చినప్పుడు మీ ప్రయాణం సంగతి చూసుకోలేదు" అన్నాను.

ఆవిడ దుప్పటి అంచు సర్దుకుంటూ, "నాకు తెలుసండి" అంది.

"ఏం తెలుసు?"

"పదమూడో రోజవుతుందని. మందు తేదీ మారిన రోజే ఇంట్లో క్యాలెండరు మీద లెక్కేసుకున్నాను. జ్వరం కూడా శుక్రవారం సాయంత్రమే తగిలింది. మాత్ర వేసుకుని ఎవరికీ చెప్పలేదు."

ముందు నాకు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. నా ప్రాణం ముప్పావుగంట సేపు పోయి వచ్చిందే, ఒక్క ఫోన్ చెయ్యడానికి ఏమొచ్చింది అనబోయాను. ఆవిడే ముందు మాట్లాడింది.

"అడిగితే వద్దంటారు. మీరు వద్దంటే ఇంక నాకు వెళ్ళే యోగం లేదేమో అనిపించింది. అప్పుడు పెళ్ళికెళ్ళానని తిట్టారు కదండీ, మా అమ్మాయి ముందు. మళ్ళీ దాని ముందు అనిపించుకోలేక ఊరుకున్నాను. తప్పు మీదని నాంచారయ్య వచ్చి చెప్పేసరికి ఇంక కూర్చోలేకపోయాను. తప్పు నాది కూడా కదండీ."

గిన్నె చప్పుడు ఆగిపోయింది. సింధు మా వైపు తిరగలేదు. పదకొండేళ్ళుగా నేను గర్వపడిన గొంతుకి భయపడి, ఒక మనిషి ఒంటి మీద జ్వరాన్ని దాచుకుని సముద్రపు ఒడ్డున కూర్చుంది.

లేచి వెళ్ళి క్యాలెండరు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. "ఆ రోజు అడిగుంటే నేను వద్దనే అనేదాన్ని. కానీ ఆ పై శనివారం వెళ్ళమనేదాన్ని. అది ఇరవయ్యో రోజు. ఒక్క వారం ఆగితే సరిపోయేదండీ" అన్నాను.

ఆవిడ ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "అంతేనా అండీ" అంది.

నేర్చుకున్నది చెప్పాలి కదా, చెప్తాను. తేదీ మారినప్పుడు దానితో ముడిపడిన ప్రతి తేదీనీ మళ్ళీ చూడాలని ఆ శనివారం తర్వాతి సోమవారమే డే కేర్‌లో కొత్త పద్ధతి పెట్టాం. అది సులువు. కష్టమైనది ఇంకొకటి ఉంది. అన్నాళ్ళూ నేను రోగులకి వద్దు అని మాత్రమే చెప్పాను, ఎప్పుడు కుదురుతుందో చెప్పలేదు. ఒంట్లో క్యాన్సర్ ఉన్న మనిషికి ఒట్టి 'వద్దు' అంటే 'ఇంకెప్పుడూ లేదు' అని వినపడుతుంది. ఇప్పుడు వద్దన్న ప్రతిసారీ ఆ నోటితోనే ఏ రోజు కుదురుతుందో కూడా చెప్తున్నాను. నోరు పూర్తిగా తగ్గిందని మాత్రం అనను, మా వాళ్ళు నవ్వుతారు.

కోలుకున్నాక ఐదో సైకిల్‌కి రాజ్యలక్ష్మి గారు వచ్చింది. సూది పెడుతుంటే, కూతురు పక్కనుండగానే, గది మొత్తానికీ వినపడేలా అడిగింది.

"సిస్టర్ గారూ, ఈసారి సముద్రం దగ్గరే, మంగినపూడి. ఎప్పుడు వెళ్ళమంటారు?"

సూదికి ప్లాస్టర్ అంటించి, ఇద్దరం కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టాం.