హెడ్ మీద బొట్టు

ధర్మవరంలో అమ్మకు డయాలసిస్ చేయించుకుని వస్తుంటే, పెనుకొండ దాటాక మా పాత కారు ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఒకటే ఆవిరి. ఆయిల్ చూసే కడ్డీ పైకి లాగితే, చివర పాలు కలిపిన టీ రంగు. ఇంజన్ లోపల ఆయిల్లో నీళ్లు కలిసిపోయాయి.

"హెడ్ గ్యాస్కెట్ పోయిండాది పాపా" అన్నాడు నాయన.

మమ్మల్ని హిందూపురం బస్సెక్కించి, తను ట్రాక్టరుకు తాడు కట్టించుకుని కారుతో వెనకాల వచ్చాడు. బస్సులో ప్రతి కుదుపుకీ అమ్మ కళ్లు మూసుకునేది. సగం దారిలో నా భుజం మీద తల ఆనించి, "ఇంక నేను రానమ్మీ. నాకు సాలు" అంది. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో డాక్టరు మా ముగ్గురికీ దాచకుండా చెప్పాడు. అమ్మ తెలిసే అన్నది. నాకు భయం వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

మళ్లీ ధర్మవరం పోవలసింది ఎల్లుండే. ఇంటికొచ్చాక అమ్మ మాట నాయనకు చెప్పి, "నువ్వన్నా బతిమాలు" అన్నాను.

"బతిమాలేది నాకు రాదు పాపా. బోల్టు ఇప్పేది వస్తాది" అన్నాడు.

సగం జీవితం లారీ షెడ్డులో గడిపిన మనిషి. మర్నాడు పొద్దున్నే వాకిట్లోనే ఇంజన్ విప్పాడు. నేను సహాయం. స్పానర్ అందించడం కాస్త ఆలస్యమైతే చాలు, నా చదువూ నా వంటా నా నిద్రా అన్నీ ఏకరువు పెట్టాడు. లోపల అమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. పెట్టిన రాగిజావ పెట్టినట్టే చల్లారింది.

హెడ్ అంటే ఇంజన్ పైభాగం; దానికీ కింది ఇంజన్‌కూ మధ్య నీళ్లు కారకుండా వేసే పలచటి రేకే గ్యాస్కెట్. దాన్ని లేత్ షాపులో చదును చేయించి తెచ్చి, వాకిట్లో మంచం మీద ఉతికిన గుడ్డ పరిచి, గ్యాస్కెట్ ఆనే వైపు పైకి ఉండేలా పెట్టాడు. అద్దంలా ఉంది. "దీని మింద ఎంటిక పడినా మళ్లా నీళ్లు కారతాయి. ఎవురూ తాకద్దండి" అని గట్టిగా అరిచాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే. తర్వాత ఇద్దరం కారు మీదికి వంగి, ఇంజన్‌కు అంటుకున్న పాత గ్యాస్కెట్ ముక్కలు బ్లేడుతో గీకుతూ ఉండిపోయాం.

తిరిగి చూస్తే మంచం పక్కన అమ్మ, చేతిలో కుంకుమ గిన్నె. తళతళలాడే హెడ్ మీద తడి పసుపు పూసి నాలుగు బొట్లు పెట్టింది. పసుపు బోల్టు రంధ్రాల్లోకి కూడా కారింది. ఆయుధ పూజ రోజు మా ఇంట్లో సుత్తికీ స్క్రూడ్రైవరుకూ కూడా బొట్టు ఉండాల్సిందే. ఆ లెక్కన హెడ్ ఏం పాపం చేసింది?

"ఏందమ్మా ఇది! పొద్దున్నుంచీ తుడిసి తుడిసి సచ్చినాం!" అని అరిచాను.

నాయన నూనె చెయ్యి నా భుజం మీద వేసి గట్టిగా నొక్కాడు. ఆయన కూడా అరుస్తాడనే అనుకున్నా. కానీ చాలా మెల్లగా అడిగాడు, "యాలమే పెట్టినావు?"

అమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడింది. "దోవలో నిలబడిపోగూడదని" అంది. "మళ్లా బస్సంటే నాతో కాదు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపొచ్చింది. వెళ్లి అమ్మను మంచం అంచున కూర్చోబెట్టాను. ఎంత తేలికైపోయిందో.

నాయన గుడ్డను పెట్రోల్లో ముంచాడు. "తుడిసేది తప్పదుమే. బిగిచ్చినాంక పైమూత మింద పెట్టు. నీకెన్ని గావాల్నంటే అన్ని పెట్టు" అన్నాడు. ఒక్కో బొట్టూ నిదానంగా తుడిచాడు.

"రేపు ఎన్ని గంటలకు బయల్దేరాల?" అని అడిగింది అమ్మ.

నాయన తల వంచుకుని, శుభ్రమైపోయిన చోటునే మళ్లీ మళ్లీ రుద్దుతూ కూర్చున్నాడు. ఆరుకని నేనే చెప్పాను.