పొగాకు వాసన పడదన్న పెద్దమ్మ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నా కూతురికి జడ వేస్తుండగా పెద్దనాయన ఫోన్ చేశాడు. "మీ పెద్దమ్మ పోయింది పాపా. కాపీ ఇచ్చేదానికి లేపితే లెయ్యలేదు. బిరీన రా, నీతో ఒక పని ఉండాది" అన్నాడు. చావు ఇంట్లో నాతో పనేమిటో తోచలేదు. ధర్మపురిలో, పెద్దమ్మ ఊరు పాపిరెడ్డిపట్టికి పోయే బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా కోసం ఒకే ఒక్క మాట చెప్పాల్సిన మనిషి అది చెప్పకుండానే పోయింది.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆమెలో మంచి చాలా ఉంది, రాస్తాను. మిగతాదీ రాస్తాను.

పెద్దమ్మ పట్టుపురుగులు పెంచేది. ఇంటి వెనక షెడ్డు, గుమ్మం ముందు బ్లీచింగ్ నీళ్ళు పోసిన రేకు తట్ట. అందులో పాదాలు ముంచందే ఎవరూ లోపలికి పోకూడదు. పురుగులున్నన్నాళ్ళూ తలలో పూలు పెట్టదు, మొహానికి పౌడరు రాయదు. పురుగులు కుబుసం విడిచే రోజుల్ని మావాళ్ళు జ్వరం అంటారు. ఆ రోజుల్లో షెడ్డు పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడితే చేతిలో మల్బరీ ఆకు తరిగే కత్తి ఉందని కూడా చూసుకోకుండా మీదికి పోయేది. "నోరు లేని జీవం పాపా. దానికి ఏది పడదో మనమే కనిపెట్టల్ల" అనేది. నాకు సంగటి ముద్దను చిన్న చిన్న ఉండలు చేసి పెట్టేది. ఆకు ఎంత సన్నగా తరగాలో, లేత పురుగును కోడి ఈకతో ఎలా జరపాలో నేర్పింది.

అమ్మానాన్నలు ధర్మపురిలో అంగడి పెట్టిన కొత్తలో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, నన్ను ఆమె దగ్గర వదిలారు. పక్క వీధిలోనే మామ ఉండేవాడు. అమ్మకూ పెద్దమ్మకూ ఒక్కడే తమ్ముడు. నా చెవులు కుట్టింది ఆయన ఒడిలో కూర్చోబెట్టే. ఆ మామ నాకు చేసింది ఇక్కడ వివరించను. చిన్నపిల్లకు ఏ మనిషీ చేయకూడనిది చేశాడు. ఒకసారి కాదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నేను చెప్పలేదు.

ఒక సాయంత్రం పెద్దమ్మ నా మొహం చూసిందో, ఇంకేం చూసిందో తెలియదు. ఆ రాత్రి నుంచి నా చాప షెడ్డులో ఆమె చాప పక్కకు వచ్చింది. బడి వదిలితే నేరుగా షెడ్డుకే రావాలి. మామ వెతుక్కుంటూ వస్తే గుమ్మంలో చేయి అడ్డం పెట్టింది. "పొగాకు నమిలే నోరు నీది. ఆ వాసన పురుగుకు పడదురా. ఇంక ఈ షెడ్డు గడప తొక్కద్దు."

అంతటితో ఆగింది. నన్ను పురుగులు కాపాడాయని చాలా ఏళ్ళు నిజంగానే నమ్మాను!

పెద్దయ్యాను. ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతాను. పెళ్ళయినా తలుపు వైపు వీపు పెట్టి నిద్రపోలేకపోయేదాన్ని. ధర్మపురిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి మూడేళ్ళు తిరిగాను. మా ఆయన ఇప్పటికీ గదిలోకి వచ్చే ముందు దగ్గుతాడు. నేను అడిగింది కాదు, తనే అలవాటు చేసుకున్నాడు. నా కూతురి చెవులు కుట్టించేటప్పుడు నా ఒడిలోనే కూర్చోబెట్టుకున్నాను. అన్నదమ్ములు లేనిదానివి, మీ మామైనా లేకుండా ఇదేం మరియాద అని చుట్టాలూ సొంతక్కారులూ గొణిగారు. గొణగనీ అనుకున్నాను.

ఆ డాక్టరమ్మతో షెడ్డు గురించి చెబుతుంటేనే ఒకరోజు మాట మధ్యలో ఆగిపోయాను. పెద్దనాయన బీడీలు తాగేవాడు. రోజూ షెడ్డులోకి వచ్చేవాడు. చేతులు కడుక్కోమనేది గానీ, పెద్దమ్మ ఆయన్ను ఒక్కనాడూ ఆపలేదు. పొగాకు పడనిది ఒక్క మామ నోటిదే! అంటే ఆమెకు తెలుసు.

అప్పటికే అమ్మకు మామ సంగతి చెప్పి ఉన్నాను. "వాడా? నీకు ఎవురో ఏమో నూరిపోసినారు" అని అమ్మ కొట్టిపారేసింది. అందుకే పెద్దమ్మను అడిగాను, నీకు తెలుసని అమ్మకు ఒక్క మాట చెప్పు, చాలు అని. సరే అంది. బస్సెక్కి వచ్చింది కూడా. అమ్మ ఎదుట కూర్చుని కాపీ తాగింది. వాన లేదంది, ఆకు చాలడం లేదంది, మోకాలు నొప్పంది. నేను ఆమె నోటికేసి చూస్తూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. గ్లాసు కింద పెట్టి, "పోయొస్తా" అని లేచింది.

బస్టాండులో చేయి పట్టుకుని ఆపాను. "ఏంటికి చెప్పలేదు?"

"చెప్తే వాడు నా ఇంటి గడప తొక్కడు పాపా. నేను సచ్చినాక నా మీద పుట్టింటి చీర ఎవురు తెచ్చి కప్పుతారు? అది లేకుండా పోయిన ఆడదాన్ని, పుట్టిల్లు లేనిదని లోకం అంటుంది."

ఒక చీర! నా బాల్యమంతా ఒక పక్క, ఒక చీర ఒక పక్క. తర్వాత నాలుగేళ్ళు ఆమె ఇంటికి పోలేదు. మామకంటే ఆమె మీదే నాకు ఎక్కువ మంట. ఆయన దగ్గర నేనేమీ ఆశించలేదు కదా.

నేను పోయేసరికి పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. మధ్యాహ్నం మామ మేళంతో వచ్చాడు, చేతిలో కొత్త చీర కవరు. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. పెద్దనాయన అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"అది వెయ్యద్దు. పోయిన వారమే నాకు చెప్పింది. 'వాడు తెచ్చే చీర నా మీద పడగూడదు. ఏంటికని ఎవురన్నా అడిగితే పాపను అడగండి' అనింది."

మేళం ఆగింది. అందరూ నా వైపు తిరిగారు. అమ్మ కూడా.

పెద్దమ్మా, ఎంత పని చేశావు! అంతగా పట్టుకు వేళ్ళాడిన చీరను వదులుకున్నావు, నిజమే. నోరు తెరిచే పని మాత్రం మళ్ళీ నాకే వదిలావు. నీకు ఎవరి మొహమూ చూడాల్సిన పని లేని రోజు చూసుకుని వదిలావు.

"ఏంటికిమే?" అంది ఒక ముసలమ్మ.

బడిలో పాఠం చెప్పే గొంతే వచ్చింది నాకు. "ఎనిమిదేండ్ల పిల్లప్పుడు ఈ మామ నన్ను చెరిచినాడు. పెద్దమ్మకు తెలుసు. దానికే వద్దనింది."

"దీనికి పిచ్చి పట్టింది! అక్కా, నువ్వన్నా చెప్పు, ఇది నువ్వు కప్పు" అంటూ మామ కవరును అమ్మ ముందుకు చాచాడు. అమ్మ కవరు చూసింది, నన్ను చూసింది. చేతులు కొంగులోనే ఉంచుకుంది.

పుట్టింటి చీర లేకుండానే పెద్దమ్మను తీసుకుపోయారు.

మగవాళ్ళు అటు పోగానే నేను షెడ్డుకు పోయాను. నాలుగో జ్వరం దాటిన పురుగులు, చావైనా పెళ్ళైనా వేళకు ఆకు వేయాల్సిందే. నీళ్ళ తట్ట పక్కన పెద్దమ్మ చెప్పులు ఎప్పటిలా గోడ వైపు తిప్పి ఉన్నాయి. పాదాలు ముంచి లోపలికి పోయాను, ఆకు మోపు విప్పాను, అప్పుడు ఏడ్చాను. మామ వదిలేసిపోయిన కవరు ప్రహరీ గోడ మీద ఉండడం కిటికీ జాలీలోంచి కనిపిస్తోంది.

కాసేపటికి అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తట్టలో కాలు పెట్టలేదు, వెనక్కీ పోలేదు. నేను రమ్మనలేదు. పురుగుల మీద ఆకు పరుస్తూ పోయాను.